రొయ్య వెంట నడిచే చట్టాలు

అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం ప్రాంతాలలో కొబ్బరితోట ప్రక్కనే రొయ్యల చెరువు ఉండటం నేడు విశేషం కాదు. ఆ చెరువులో పెరిగిన సరుకులో అధికభాగం మన సంతలకు రాదు. మంచులో పెట్టి ప్లాంటుకు, అక్కడ తల తీసి, గడ్డకట్టించి, ఓడలో అమెరికాకు, చైనాకు, ఐరోపాకు, జపానుకు పంపబడుతుంది. తినేవాడు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టం మన చెరువుగట్టు దాకా వచ్చి నిలుస్తుంది. మన విద్యార్థులలో ఎందరికో ఈ చట్టాల పేర్లు తెలియవు గాని, పట్టుబడి రోజున కౌంటు ధర పడిపోయినప్పుడు ఇంట్లో తండ్రిగారి ముఖం చూచి వాటి ఫలితాన్ని గ్రహించే ఉంటారు. కనుక వాటిని గురించి కొంత విపులంగా ముచ్చటించదలచినాము.

మన దేశంలో ఎగుమతి సరుకుల నాణ్యతను తనిఖీ చేసే చట్టం 1963 నాటిది. సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ 1972 చట్టం వలన ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉన్నది. ఈ ఏర్పాట్లు ఉన్నప్పటికీ, 1997లో ఐరోపా సమాజం మన ప్లాంటులలో పారిశుద్ధ్యం చాలదని చెప్పి, భారతదేశపు సముద్రాహారాన్ని కొన్ని నెలలపాటు నిషేధించింది. ఆ దెబ్బతోనే నీటి శుద్ధి, పనివారి పరిశుభ్రత, శీతల గదుల ఉష్ణోగ్రత మొదలైనవన్నీ కాగితం మీద నమోదు చేయడం మన ప్లాంటులకు అలవాటైనది. మంచి అలవాటు భయం వలన వచ్చినా మంచిదే.

అన్నిటికంటె చిక్కైన విషయం మందులది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే సూక్ష్మజీవినాశక ఔషధాలను రొయ్యల పెంపకంలో బొత్తిగా వాడరాదు. కొద్దిగా వాడితే ఏమి నష్టమని అడుగవచ్చు. క్లోరాంఫెనికాల్ వలన ఏ కొందరిలోనో ఎముకలలోని మజ్జ రక్తకణాలను తయారుచేయడం మానివేస్తుంది. అది మోతాదును బట్టి వచ్చే జబ్బు కాదు. అందుచేత ఇంతవరకు క్షేమం అని గీత గీయడానికి వీలులేదు. నైట్రోఫ్యూరాన్ల శేషాలు మాంసకణాలకు అంటుకొని ఉండిపోతాయి, వండినా పోవు. వాటికి క్యాన్సరు కలిగించే గుణం ఉన్నదని శాస్త్రజ్ఞుల శంక. ఐరోపా వారు 2003లో క్లోరాంఫెనికాల్‌కు పెట్టిన హద్దు కిలో సరుకులో 0.3 మైక్రోగ్రాము, అనగా వందకోట్ల పాళ్లలో పాలు కూడా నిండదు. 2022 నుండి దానిని 0.15కు తగ్గించినారు. యంత్రాల చూపు పదునెక్కిన కొలదీ హద్దు ఇంకా దిగుతుంది. ఇందుకే పట్టుబడికి ముందే చెరువు నుండి నమూనా తీసి పరీక్ష చేయించే పద్ధతి ఏర్పడింది. పరీక్షలో శేషం కనబడితే ఆ చెరువు సరుకు ఐరోపా వైపు కదలదు.

అయితే నిబంధనలన్నీ ఇంత న్యాయంగా ఉంటాయని చెప్పలేము. చేపపొడి పాడై కంపు కొట్టకుండా మేతలో ఎథాక్సిక్విన్ అనే పదార్థం కలుపుతారు. జపాను వారు చేపకు దీని హద్దు పది లక్షల పాళ్లలో 1 పాలుగా నిర్ణయించి, రొయ్యకు మాత్రం విడిగా ఏమీ నిర్ణయించలేదు. ఏ హద్దూ లేనివాటికి వర్తించే 0.01 రొయ్యకు వర్తించింది. 2012లో మన రొయ్యలపై ఈ పరీక్ష మొదలై సరుకులు నిలిచిపోయినవి. మేత తయారుచేసినవాడు కలిపినదానికి రైతు చెరువు దోషి అయినది! 2014లో హద్దును 0.2కు పెంచిన తరువాతనే ఊపిరి ఆడింది.

దిగుమతి నిబంధనలు మనకూ ఉన్నవి. 1990లలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను కుదేలు చేసిన పిమ్మట, పసిఫిక్ తీరపు వనామి రొయ్యను తెచ్చుకోవడానికి 2009లో అనుమతి లభించింది. విమానంలో వచ్చిన తల్లిరొయ్యలు నేరుగా హేచరీకి పోరాదు. మద్రాసు వద్దనున్న ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో రోగపరీక్షలు ముగిసిన తరువాతనే పోవాలి. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వదలరాదని కూడా నియమం. ఆశ కొద్దీ దానిని దాటిన చెరువులకు రోగం ముందు వచ్చుట సహజం.

సముద్రంలో పట్టిన రొయ్య కథ వేరు. గోదావరి ముఖద్వారాల తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వలలో పడిన తాబేలు తప్పించుకొనే సాధనం లేని దేశాల సముద్రపు రొయ్యను కొనరాదని 1989 నాటి అమెరికా చట్టం. భారతదేశం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించినవి. 1998 తీర్పు అమెరికా అమలు చేసిన తీరును తప్పుపట్టినదే గాని తాబేళ్ల రక్షణను కాదు. 2019లో మన సముద్రపు రొయ్యకు ఆ తలుపు మూసుకొన్నది. చెరువు రొయ్యకు ఈ షరతు లేదు.

మరి మనము తినేదాని మాటేమి? 2006 ఆహార భద్రతా చట్టం ఊరిలోని చేపల బజారుకూ వర్తిస్తుంది. 2018 జూలైలో ఫార్మాలిన్ కలిసినదనే కారణంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల రాకను పది రోజులు ఆపింది. అప్పుడు తప్ప మన బజారులో గంప ముందు నిలిచి నమూనా అడిగిన అధికారిని చూచినవారు మనలో ఎందరు? పరదేశీయుని పళ్లెంలోకి పోయే రొయ్యకు ఇన్ని పరీక్షలు. మన పళ్లెంలోనిదానికి కడిగే నీళ్లే పరీక్ష. పుస్తెలమ్మి అయినా తినవలసిన పులసకు సైతం ఇదే గతి. ఈ వ్యత్యాసాన్ని మా మటుకు మేము అంగీకరించలేము.

నియమాలు పాటించినవాడికైనా రక్షణ ఉన్నదా అంటే, సుంకాల వద్ద ఆ మాట తేలిపోతుంది. తక్కువ ధరకు అమ్ముతున్నారని 2005లో అమెరికా మన రొయ్యపై ప్రత్యేక సుంకం విధించింది. దానికి తోడు 2025 ఆగస్టు 27న మన దేశపు సరుకులలో అనేకంపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అందులో రొయ్య కూడా ఉన్నది. మందు ముట్టని చెరువుకూ, ముట్టిన చెరువుకూ ఆ లెక్క ఒక్కటే. కౌలుకు చెరువు తీసుకొన్న రైతు మేత బాకీ మాత్రం ఆ నెల కూడా యథాప్రకారం కట్టవలసినదే.