మున్నేటి ఇసుక అద్దమవుతుందా?

నందిగామ దగ్గర మున్నేట్లో ఇసుక ఉంది. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉంది, అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దానివల్లే. మామూలు గాజుకు కావలసిన ముఖ్యమైన సరుకులు మూడు: ఇసుక, సోడా, సున్నం. రెండు మన దగ్గరే ఉన్నాయి కదా, మున్నేటి ఇసుకను కొలిమిలో పోస్తే కిటికీ అద్దం వస్తుందా?

గాజు వస్తుంది. మనం డబ్బిచ్చి కొనే తెల్లటి అద్దం మాత్రం రాదు. కారణం ఇనుము. ఏటి ఇసుకలో సిలికా ఒక్కటే ఉండదు. కొండరాళ్లు అరిగి వచ్చిన రకరకాల రేణువులు, వాటితో పాటు ఇనుము కూడా ఉంటుంది. ఇనుము ఏ కొంచెం ఉన్నా గాజు పచ్చబడుతుంది. కిటికీ అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, కనిపించే ఆకుపచ్చ ఇనుముదే. అందుకే గాజు ఫ్యాక్టరీలు తెల్లటి సిలికా ఇసుక కోసం గూడూరు వైపు చిల్లకూరు, కోట మండలాల దాకా వెళ్తాయి. సున్నపురాయికీ ఇదే పేచీ. సిమెంటుకు ఇనుము అడ్డు కాదు, పైగా కావాలి. తెల్ల గాజుకు అది పనికిరాదు. గోధుమరంగు మందుసీసా సంగతి వేరు. అందులో ఇనుము, గంధకం, కార్బన్ కావాలనే కలుపుతారు. ఆ రంగు అతినీలలోహిత కిరణాలను ఆపి లోపలి మందును కాపాడుతుంది.

సోడా ఎందుకు? ఉత్త ఇసుక కరగాలంటే వేడి 1700 డిగ్రీలు దాటాలి. సోడా కలిస్తే చాలా తక్కువ వేడికే కరగడం మొదలుపెడుతుంది. అయితే ఇసుక, సోడా మాత్రమే కలిపి చేసిన గాజు నీళ్లలో కరిగిపోతుంది! దాన్ని నీటికి నిలబెట్టేది సున్నం. కిటికీ అద్దం, సోడా సీసా, టీ గ్లాసు, చేతి గాజులు అన్నీ ఈ మూడింటి కలయికే. అందులో సిలికా 70 శాతం పైనే.

కరిగినదాన్ని పలక చేయడమెలా? ఇప్పుడు అద్దాలన్నీ దాదాపు ఒకే పద్ధతిలో వస్తున్నాయి. కరిగిన తగరం నిండిన పొడవాటి తొట్టిలోకి గాజును వదులుతారు. తగరం బరువైనది, గాజు తేలిక. పాల మీద మీగడలా గాజు పైన పరుచుకుంటుంది, రెండు వైపులా నునుపుగా వస్తుంది, సాన పట్టే పని ఉండదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గాజు గట్టిపడి బయటికి వెళ్లేదాకా కింద ద్రవంగానే ఉంటుంది. ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ ఏళ్ల తరబడి తంటాలు పడి, 1959లో ఈ ఫ్లోట్ పద్ధతిని లోకానికి ప్రకటించింది.

అసలు కథ చల్లార్చడంలో ఉంది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన స్ఫటికపు ధాతుపేటిక కూడా సిలికాయే. స్ఫటికంలో అణువులు వరుస తీరి ఉంటాయి. గాజు చల్లబడేటప్పుడు వాటికి వరుస కట్టే వ్యవధి ఉండదు, చిందరవందరగానే బిగుసుకుంటాయి. ఆ బిగుసుకోవడం ఒకచోట ముందు, ఒకచోట వెనుక జరిగితే లోపల లాగుడు మిగిలిపోతుంది. అందుకే మామూలు అద్దాన్ని పొడవాటి సొరంగంలో మెల్లమెల్లగా చల్లారుస్తారు. అలా చేయకపోతే కోయబోగానే పగులుతుంది.

ఆ లాగుడునే బలంగా మార్చుకుంటే టఫెన్డ్ గ్లాస్. అద్దాన్ని 600 డిగ్రీలు దాటించి, రెండు వైపులా చల్లగాలి ఉధృతంగా కొడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. తర్వాత చల్లారే లోపలి భాగం కుంచించుకుంటూ పైపొరను గట్టిగా నొక్కిపెడుతుంది. పగులు నోరు తెరవాలంటే లాగుడు కావాలి, ఇక్కడ ఉన్నది నొక్కుడు. అందుకే మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు గట్టి. దెబ్బ ఆ పొరను దాటి లోపలికి దిగిందా, దాచిపెట్టిన బలమంతా ఒక్కసారి విడుదలై మొత్తం అద్దం గులకరాళ్లంత ముక్కలైపోతుంది. మూల మీద తగిలే చిన్న దెబ్బ కూడా చాలు. హైదరాబాద్ రోడ్డు మీద ప్రమాదం జరిగినచోట మెరిసే గాజురవ్వలు కారు పక్కద్దాలవే. మొనదేలిన పెంకుల కంటే ఆ రవ్వలతో గాయం తక్కువ.

మరి కారు ముందు అద్దం ఎందుకు రాలిపోదు? అది రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి వేడితో, ఒత్తిడితో అతికించినది. గాజు సాలెగూడులా చీలినా ముక్కలు పొరకు అంటుకునే ఉంటాయి. ఫ్రాన్సులో ఎడ్వార్ బెనెడిక్టస్ 1903లో చేజారిన ఒక సీసా పగిలీ విడిపోకపోవడం గమనించాడట. లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర దాన్ని పట్టి ఉంచింది. అలాంటి పొర పెట్టిన అద్దానికి 1909లో పేటెంట్ తీసుకున్నాడు.

దుకాణానికో బాత్‌రూముకో టఫెన్డ్ తలుపు చేయించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొలతలు, హ్యాండిల్ రంధ్రాలు అన్నీ ముందే తేల్చి చెప్పాలి. గట్టిపరిచాక అంగుళం తగ్గించడం కూడా కుదరదు, కట్టర్ పెడితే రవ్వలే.

టీ పోయగానే గ్లాసు పగలడానికీ మూలం గాజు లోపలి లాగుడే. లోపలి వైపు వేడికి వ్యాకోచిస్తుంది, బయటి వైపుకు ఇంకా కబురు అందదు. మందం ఎక్కువైతే తేడా ఎక్కువ. అందుకే దళసరి గ్లాసే ముందు చిట్లుతుంది, పలచనిది తట్టుకుంటుంది. బోరాన్ కలిపిన బోరోసిలికేట్ గాజు వేడికి మామూలు గాజులో మూడోవంతే వ్యాకోచిస్తుంది. జర్మనీలో ఒట్టో షాట్ 19వ శతాబ్దం చివర్లో తయారుచేశాడు. కాలేజీ ల్యాబులో పరీక్షనాళికలు దానివే.

అద్దం కోసే పనిముట్టుకు ‘డైమండ్’ అనే పేరు పాతకాలం నుంచి వచ్చింది. ఒకప్పుడు మొనకు నిజంగానే వజ్రం ఉండేది. పూర్వం పరిటాలలో వజ్రాల గనులు నడిచిన సీమకు వజ్రం కొత్త కాదు. ఇప్పుడు ఎక్కువగా టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రం. అది కోయదు, గీత గీస్తుంది అంతే. గీత వెంట వంచితే అద్దం తనంతట తాను విడుతుంది. గాజుకు ఎక్కడ గీత పడితే అక్కడే బలహీనత.

ఇది కిటికీలు తుడిచేవాళ్లకూ వర్తిస్తుంది. కాఠిన్యంలో ఇసుక రేణువుది 7, గాజుది దాదాపు 5.5, సున్నపురాయిది 3. జగ్గయ్యపేట వైపు దుమ్ములో సున్నపురాయి ఒక్కటే ఉంటే పొడిగుడ్డతో తుడిచినా అద్దాన్ని గీయలేదు. మున్నేటి గట్టు దుమ్ములో ఇసుక ఉంటుంది, అది గీస్తుంది. ఏ దుమ్మో తేల్చుకోలేకపోతే ముందు నీళ్లు కొట్టి తర్వాత తుడవడం మేలు. కొత్తిల్లు కట్టేటప్పుడు అద్దం మీద సిమెంటు పాలు చిందితే మాత్రం ఆరకముందే కడిగేయాలి. అందులోని క్షారం గాజును తినేసి మచ్చ మిగులుస్తుంది. ఎంత రుద్దినా పోదు.