మలివయసు ముఖం: మందు ఎంత, కత్తి ఎంత

అరవై దాటిన ముఖంలో వచ్చే మార్పునంతటినీ ముడతలన్న ఒక్క మాటతో తేల్చేయడం వాడుకలో ఉన్నా, ఆ ముఖంలో చర్మంతో పాటు దాని కింది కొవ్వు, కండరాలు, వీటన్నిటినీ మోసే ఎముక కూడా ఒక్కొక్కటి ఒక్కో వేగంతో మారుతూ వస్తాయి. వీటిలో ఏది ఎంత మారిందో తెలుసుకోకుండా ఏ క్రీము రాసినా, ఏ సూది వేయించుకున్నా, చివరికి శస్త్రచికిత్సకే సిద్ధపడినా ఆశించిన ఫలితం దక్కదు. ఈనాడు అందుబాటులో ఉన్న చికిత్సలలో ప్రతిదీ ఈ నాలుగింటిలో ఏదో ఒకటి రెండింటిని సరిచేయగలదే తప్ప మిగిలినవాటి జోలికి పోలేదు. మలివయసులో ముఖానికి ఏదైనా చేయించుకోవాలని ఆలోచించేవారు ముందుగా తెలుసుకోవలసిన ఈ సంగతి క్లినిక్కుల ప్రకటనల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

చర్మంలో పైకి కనిపించే పొర బాహ్యచర్మం. దాని అడుగున పుట్టిన కణం పైకి చేరి, చనిపోయి, రాలిపోవడానికి యౌవనంలో సుమారు నాలుగు వారాలు పడితే వృద్ధాప్యంలో అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. పెద్దవారి చర్మం కాంతి తగ్గి గరుకుగా ఉండడానికి, చిన్న గాయమైనా నిదానంగా మానడానికి ఇదొక కారణం. దాని కింద ఉండే అంతశ్చర్మంలో చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు, సాగిన చర్మాన్ని తిరిగి యథాస్థితికి తెచ్చే ఎలాస్టిన్ అనే మరో మాంసకృత్తు, నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం ఉంటాయి. యౌవనం దాటినప్పటి నుంచి కొల్లాజెన్ ఏటా దాదాపు 1 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా కాగా, స్త్రీలలో నెలసరి ఆగిపోయిన తర్వాత మొదటి ఐదేళ్లలోనే సుమారు 30 శాతం తగ్గిపోవచ్చని పరిశోధకులు లెక్కగట్టారు. ఏభై దాటిన స్త్రీలు తమ ముఖం రెండు మూడేళ్లలోనే మారిపోయిందని అంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

చర్మం కింది కొవ్వు కణతల దగ్గర, కళ్ల కింద, చెంపల పైభాగంలో కరిగిపోతూ, దవడ అంచున, గడ్డం కింద వేలాడుతూ పోవడం వల్ల ముఖం ఆకారమే మారుతుంది. ఎముక సంగతి చాలామందికి తట్టదు. కంటిగుంత వయసుతో పాటు వెడల్పవుతుంది, పైదవడ కొంత వెనక్కి జరుగుతుంది, పళ్లు పోయిన చోట దవడ ఎముక అరిగిపోతుంది. బోసినోటి చుట్టూ లోతుగా పడే గీతలకు అసలు కారణం చాలాసార్లు పళ్లు లేకపోవడమే గనుక, అటువంటివారికి చర్మవైద్యుడి కంటే ముందు దంతవైద్యుడు అవసరం. సరిగా కుదిరిన కట్టుడుపళ్లు పెదవులకు ఇచ్చే ఆనికను ఏ క్రీమూ ఇవ్వలేదు.

ఈ మార్పులన్నిటినీ తొందరపెట్టేది ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో బి రకానివి బాహ్యచర్మాన్ని కమిలిస్తే, ఎ రకానివి కిటికీ అద్దాల గుండా కూడా దూసుకువచ్చి అంతశ్చర్మం దాకా చేరి కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి. అమెరికాలో 28 ఏళ్ల పాటు సరుకుల వాహనం నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ముఖచిత్రాన్ని అక్కడి ప్రసిద్ధ వైద్యపత్రిక ఒకటి 2012లో ప్రచురించింది. కిటికీ వైపు ఉండే ఎడమ చెంప మందమై లోతైన మడతలు పడగా, కుడి చెంప అంతకంటే ఎన్నో ఏళ్లు చిన్నదిగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని నాంబర్ పట్టణంలో 55 ఏళ్ల లోపువారిపై జరిగి 2013లో ప్రచురితమైన మరో పరిశోధనలో, సన్‌స్క్రీన్‌ను రోజూ రాసుకున్నవారి చర్మంలో నాలుగున్నర ఏళ్ల తర్వాత కూడా వయసు గుర్తులు గుర్తించదగినంతగా పెరగలేదు. ఈ పరిశోధనలు ప్రధానంగా తెల్లని చర్మం గలవారిపై జరిగినవి గనుక వాటి ఫలితాలను తెలుగువారి చర్మానికి అన్వయించేటప్పుడు ఒక ముఖ్యమైన తేడాను గుర్తుంచుకోవాలి.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండకు అడ్డుపడుతుంది కనుక చామనఛాయ, నలుపు గలవారికి ముడతలు ఆలస్యంగా వస్తాయి. అయితే అదే మెలనిన్, చర్మానికి ఏ చిన్న దెబ్బ తగిలినా, కాలినా, వాచినా ఆ చోట అతిగా పోగుపడి మచ్చగా మిగులుతుంది. అందువల్ల తెలుగునాట నడివయసు దాటినవారిలో ముడతల కంటే ముందు కనిపించేవి చెంపల మీది మంగు, కళ్ల చుట్టూ నలుపు, నుదుటిమీద రంగుతేడా, చెంపలపైనా మెడపైనా లేచే చిన్న చిన్న నల్లని పులిపిర్లు. తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందిన గాఢమైన రసాయన పూతలు, లేజర్ కిరణాలు ఇటువంటి చర్మంపై అదే మోతాదులో ప్రయోగిస్తే, తొలగించవలసిన మచ్చ కంటే పెద్ద మచ్చ మిగలవచ్చు. లేజర్ చేయించుకోబోయేవారు ఆ యంత్రం పేరు కంటే ముందు, తమ రంగు చర్మంపై చికిత్స చేసిన అనుభవం ఆ వైద్యుడికి ఎంత ఉన్నదో, ముందుగా చెవి వెనుకో దవడ కిందో చిన్న భాగంపై ప్రయోగించి చూస్తారో లేదో అడగడం ఎంతో అవసరం. మంగు ఉన్నవారికి మామూలు సన్‌స్క్రీన్ కంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేతరంగు గల సన్‌స్క్రీన్ మెరుగు. కంటికి కనిపించే వెలుగు కూడా మంగును పెంచుతుంది, దాన్ని అడ్డుకునే గుణం ఆ ఆక్సైడ్‌కు ఉంది.

పూతమందులలో బలమైన రుజువున్నది ట్రెటినాయిన్. ఎ విటమిన్‌కు చెందిన ఈ ఆమ్లాన్ని మొదట మొటిమలకు వాడేవారు. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో, ఎండకు దెబ్బతిన్న చర్మాన్ని అది కొంత బాగుచేస్తుందని చూపింది. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, మొదట్లో మంట, పొట్టు రాలడం ఉంటాయి, అందుకే వైద్యుడి సలహాతో తక్కువ మోతాదుతో రాత్రిపూట మొదలుపెట్టాలి. దీనికి పూర్తిగా భిన్నమైనవి మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే ‘తెల్లబరిచే’ క్రీములు. వాటిలో చాలావరకు క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారాల్లో ముఖం తేటపడినట్టు కనిపించినా, నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు బయటపడి, మానగానే ముఖమంతా ఎర్రబడి మండుతుంది. వయసుతో ఇప్పటికే పలచబడిన చర్మానికి ఇది రెండో దెబ్బ. ఇటువంటి క్రీములను పొరుగింటివారి మాట మీద ఏళ్ల తరబడి రాసుకునే అలవాటు ఇంకా ఆగకపోవడం నిజంగా బాధాకరం.

అందం సంగతి అటుంచితే వృద్ధుల చర్మాన్ని ఎక్కువగా వేధించేది పొడిదనం, దురద. మరీ వేడినీళ్లు, ఘాటైన సబ్బు మాని, స్నానం కాగానే తడి ఆరకముందే వ్యాజిలైన్ గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాసుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. తగ్గకపోతే కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు అవసరం కావచ్చు. మానని పుండు, పెరుగుతున్న మచ్చ, ముఖ్యంగా అరికాలిలోనో గోటి కిందో కొత్తగా కనిపించిన నల్లమచ్చ, వైద్యుడికి వెంటనే చూపించవలసినవి.

సూదుల ద్వారా చేసే చికిత్సల్లో బొటాక్స్ పేరు అందరూ విన్నదే. బొట్యులినం అనే విషపదార్థాన్ని అతి స్వల్ప మోతాదులో కండరంలోకి ఎక్కిస్తే ఆ కండరం తాత్కాలికంగా సడలుతుంది. దీన్ని మొదట మెల్లకన్ను సరిచేయడానికి వాడినవాడు అమెరికా నేత్రవైద్యుడు అలన్ స్కాట్. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన కరూథర్స్ దంపతులు, ఒకరు నేత్రవైద్యులు, మరొకరు చర్మవైద్యులు, కనుబొమల మధ్య గీతలు దీనితో పోతాయని 1992లో ప్రకటించారు. ప్రభావం మూడు నాలుగు నెలలే ఉంటుంది. ముఖం కదిపినప్పుడు పడే గీతలకు ఇది పనిచేస్తుందే తప్ప, సాగి వేలాడే చర్మాన్ని ఎత్తలేదు. తగ్గిన కొవ్వు స్థానాన్ని నింపడానికి ఎక్కించే హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్లు నెలల నుంచి ఏడాది పైదాకా నిలుస్తాయి. పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవడం, అరుదుగా చూపు పోవడం వంటి ప్రమాదాలున్నాయి గనుక, ఫిల్లర్‌ను కరిగించే హయలురోనిడేజ్ అనే మందు లేని చోట, బ్యూటీపార్లర్లలో, వీటిని వేయించుకోవడం తగదు.

చర్మం బాగా సాగిపోయినప్పుడు మిగిలే మార్గం శస్త్రచికిత్స. ఫేస్‌లిఫ్ట్ అనే ఈ శస్త్రచికిత్సలో చెవి ముందు నుంచి మొదలుపెట్టి, తమ్మె చుట్టూ తిప్పి, చెవి వెనుక జుట్టులోకి పోయేలా కోత పెడతారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో చర్మాన్ని మాత్రమే లాగి కుట్టేవారు. ఆ బిగువు త్వరలోనే సడలేది. చర్మానికీ లోపలి కండరాలకీ మధ్య ఉన్న పీచు పొరను పారిస్‌కు చెందిన మిట్జ్, పేరొనీ 1976లో వర్ణించిన తర్వాత, ఆ లోపలి పొరనే ఎత్తి బిగించి, చర్మాన్ని లాగకుండా పైన పరిచే పద్ధతి స్థిరపడింది. దవడ అంచు, మెడ దీనితో బాగా తేరుకుంటాయి. పెదవుల చుట్టూ ఉండే సన్నగీతలు, మంగు, చర్మపు గరుకుదనం మాత్రం అలాగే ఉంటాయి, వయసు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

మలివయసులో ఇంతకంటే చిన్నవైన రెండు శస్త్రచికిత్సలు ఎక్కువ మేలు చేస్తాయి. పైరెప్ప చర్మం వేలాడి కంటిపాప మీదికి వస్తే చూపు పైభాగం కప్పబడిపోతుంది. అటువంటివారు తెలియకుండానే రోజంతా కనుబొమలు ఎత్తి ఉంచుతారు, సాయంత్రానికి నుదురు నొప్పి పుడుతుంది. అదనపు చర్మాన్ని తీసివేసే చిన్న శస్త్రచికిత్సతో ముఖం తేటపడడమే కాక చూపు కూడా తెరుచుకుంటుంది. అయితే రెప్ప ఒక్కసారిగా వాలినా, పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతున్నా అది నరాలకో కండరాలకో సంబంధించిన జబ్బు కావచ్చు గనుక ముందు ఆ పరీక్షలు జరగాలి.

రెండోది చెవి తమ్మెకు సంబంధించినది. బరువైన దుద్దులు, బుట్టలు దశాబ్దాల పాటు మోసిన తమ్మెలో కుట్టిన రంధ్రం క్రమంగా కిందికి సాగి, గీతలా మారి, చివరకు అంచు దాకా తెగిపోతుంది. పూర్వం బుట్టల బరువును మాటీలు జుట్టు మీదికి మళ్లించేవి. మాటీలు పండుగలకే పరిమితమయ్యాక ఆ బరువంతా తమ్మె మీదే పడుతోంది. స్థానికంగా మత్తు ఇచ్చి, చీలిక రెండు అంచుల పైచర్మాన్ని సన్నగా తీసివేసి, పచ్చి అంచులను కలిపి కుడతారు. వారం పది రోజుల్లో కుట్లు విప్పుతారు, రెండు మూడు నెలలు ఆగి పాత గీత మీద కాకుండా దాని పక్కన కొత్త రంధ్రం కుడతారు. గాయం మానినచోట కండ పెరిగే స్వభావం, అంటే కెలాయిడ్, ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇరవై ఏళ్లుగా దాచుకున్న కమ్మలు మళ్లీ పెట్టుకోగలగడం ఒక పెద్దావిడకు ఎంత తృప్తినిస్తుందో చూసినవారెవరూ దీన్ని అనవసరపు సోకు అనలేరు.

శస్త్రచికిత్సకు వయసు దానంతటదే అడ్డంకి కాదు. జాగ్రత్తగా ఎంపిక చేసిన అరవై అయిదు దాటినవారిలో ఫేస్‌లిఫ్ట్ ప్రమాదాలు చిన్నవారిలో కంటే గణనీయంగా పెరగలేదని అధ్యయనాలు చూపాయి. ఆ ఎంపిక ఆధారపడేది జబ్బుల మీద. అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి మొదటి రోజునే చర్మం కింద రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పురుషులలో ఇది మరింత ఎక్కువ. చక్కెర అదుపులో లేకపోతే గాయం మానదు. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారిలో రక్తనాళాలు ముడుచుకుని, ఎత్తి కుట్టిన చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు కనుక కనీసం నాలుగు వారాల ముందే మానాలి. గుండెలో స్టెంట్ ఉండి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు తమంతట తాము వాటిని ఆపడం ప్రాణాపాయం; ఆపాలో వద్దో గుండె వైద్యుడే నిర్ణయించాలి, ఆపడం కుదరదంటే శస్త్రచికిత్స ఆలోచనే మానుకోవాలి.

‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు’ అని ఇంట్లోవారు ఎగతాళి చేయడం ఎంత అన్యాయమో, పెళ్లి ఫొటోల కోసం తల్లిని పిల్లలు తొందరపెట్టడం కూడా అంతే అన్యాయం. భర్తనో భార్యనో పోగొట్టుకున్న మొదటి ఏడాదిలో, ఉద్యోగ విరమణ కుంగుబాటులో తీసుకునే నిర్ణయాన్ని కొన్ని నెలలు వాయిదా వేయడం మంచిది. ఇతరులకు కనిపించని లోపాన్ని రోజూ గంటల తరబడి అద్దంలో వెదుక్కునేవారికి ఏ శస్త్రచికిత్సా తృప్తినివ్వదు, వారికి మానసిక వైద్యుడి సహాయం కావాలి.

శస్త్రవైద్యుడికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి., చర్మ చికిత్సలు చేసేవారికి చర్మవ్యాధులలో ఎం.డి. వంటి పట్టాలు ఉన్నాయో లేదో, రాష్ట్ర వైద్యమండలిలో పేరు నమోదై ఉందో లేదో చూసుకోవాలి. అందం కోసమే చేసే శస్త్రచికిత్స ఖర్చును ఆరోగ్యబీమా భరించదు, వైద్యసేవలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు కూడా దానికి వర్తించదు. చూపుకు అడ్డువచ్చే రెప్ప విషయంలో మాత్రం వైద్యుడి నివేదికతో బీమా సంస్థను ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఫేస్‌లిఫ్ట్ తర్వాత వాపు, కమిలిన రంగు తగ్గడానికి రెండు మూడు వారాలు, చెవి దగ్గరి తిమ్మిరి పోవడానికి నెలలు, కోత గీతల నలుపు చర్మం రంగులో కలవడానికి ఏడాది దాకా పట్టవచ్చు. ఇంట్లో శుభకార్యమో, అమెరికాలోని పిల్లల దగ్గరకు ప్రయాణమో ఉన్నవారు దానికి కనీసం మూడు నెలల ముందే శస్త్రచికిత్స పూర్తయ్యేలా చూసుకోవాలి, మొదటి రెండు రాత్రులైనా పక్కన మనిషి ఉండే ఏర్పాటు లేనిదే తేదీ ఖాయం చేసుకోకూడదు.