ప్రాణవాయువే పగబడితే..!

వంకాయ ముక్కలు కోసిన వెంటనే ఉప్పునీళ్లలో వేస్తారు. గాలి తగిలితే నల్లబడిపోతాయి మరి. ఇనప గేటుకి రంగు వేయకపోతే తుప్పు పడుతుంది. రెండు చోట్లా చెయ్యి ఉన్నది ఆక్సిజన్‌దే! అది అందకపోతే మనం కొద్ది నిమిషాలు కూడా బతకలేం. మరి అదే ఆక్సిజన్‌ మన కణాల్లోని డీఎన్‌ఏనీ రోజూ దెబ్బతీస్తోందంటే నమ్మగలరా?

పొయ్యిలో నిప్పురవ్వలు

తిన్న అన్నం శక్తిగా మారేది కణాల్లోని మైటోకాండ్రియాల్లో. అదో పొయ్యి అనుకుంటే, ఆక్సిజన్‌ అక్కడ ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారుతుంది. కొంత మాత్రం మధ్యలోనే నిప్పురవ్వలా ఎగిరిపోతుంది. అదే సూపరాక్సైడ్‌. దాన్ని హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమును మెక్‌కార్డ్‌, ఫ్రిడోవిచ్‌ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1969లో వెలుగులోకి తెచ్చారు. ఆ పెరాక్సైడ్‌ని నీరుగా మార్చేసే ఎంజైములూ ఉన్నాయి. కానీ వాటి కన్నుగప్పిన కాస్త పెరాక్సైడ్‌కి కణంలోని ఇనుము తగిలిందా... హైడ్రాక్సిల్‌ రాడికల్‌ పుడుతుంది. వీటన్నిటిలోకీ చండశాసనుడు అదే. ఎదురుగా ఏది ఉంటే దాన్ని కాటేస్తుంది. సిగరెట్‌ పొగ, రేడియేషన్‌ లాంటివి ఈ రవ్వల్ని మరింత పెంచుతాయి.

బడి కాస్తా గుడి!

డీఎన్‌ఏ భాషలో అక్షరాలు నాలుగే... ఎ, టి, జి, సి. వీటిలో ‘జి’ అంటే గ్వానిన్‌. ఎలక్ట్రాన్లను అన్నిటికన్నా తేలిగ్గా పోగొట్టుకునేది ఇదే కాబట్టి మొదటి దెబ్బ దీనికే. ఆక్సిజన్‌ వచ్చి అతుక్కుంటే ఇది ‘8-ఆక్సోగ్వానిన్‌’ అవుతుంది. ఈ సంగతి 1984లో జపాన్‌ శాస్త్రవేత్తలు కసాయ్‌, నిషిమురా బయటపెట్టారు. మామూలుగా ‘సి’తో జతకట్టాల్సిన ఆ అక్షరం రూపు మారాక ‘ఎ’తోనూ జతకడుతుంది. డీఎన్‌ఏ మరోసారి నకలు అయ్యేసరికి ‘జి’ ఉండాల్సిన చోట ‘టి’ వచ్చి కూర్చుంటుంది. ‘బడి’లో ఒక్క అక్షరం మారితే ‘గుడి’ అయినట్టే! ఆ తప్పు కణాల పెరుగుదలకు కళ్లెం వేసే జన్యువులో పడితే క్యాన్సర్‌కి దారితీయొచ్చు.

దిద్దేవాళ్లున్నారు

అదృష్టం ఏంటంటే, కణంలో తప్పులు దిద్దే పంతుళ్లూ ఉన్నారు. ఓజీజీ1 అనే ఎంజైము పాడైన ‘జి’ని కత్తిరించేస్తుంది. ఎంయూటీవైహెచ్‌ అనేది దాని ఎదుట పొరపాటున చేరిన ‘ఎ’ని తీసేస్తుంది. ఈ రెండోది పనిచేయకపోతే ఏమవుతుందో 2002లో బ్రిటన్‌లోని ఒక కుటుంబాన్ని పరిశీలించినప్పుడు తెలిసింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతుల్లోనూ ఆ జన్యువు పాడైనవారికి పెద్దపేగులో పాలిప్స్‌ చాలా ఎక్కువగా పుట్టుకొస్తాయి. అవి క్యాన్సర్‌గా మారే ముప్పూ ఎక్కువే. వారి కణుతుల్లో కనిపించింది ‘జి’ స్థానంలో ‘టి’ చేరడమే! డీఎన్‌ఏ మరమ్మతు ఎలా జరుగుతుందో తేల్చిన లిండాల్‌, మోడ్రిచ్‌, సాంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌ దక్కింది.

మాత్రలు మింగితే..?

రవ్వలే శత్రువులైతే వాటిని ఆర్పే యాంటీ ఆక్సిడెంట్‌ మాత్రలు మింగేస్తే సరిపోదా? ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారిపై ఈ ప్రయోగమూ చేశారు. 1994లో వచ్చిన ఫలితం చూసి అందరూ కంగుతిన్నారు. బీటాకెరోటిన్‌ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో 18 వేల మందికి పైగా పాల్గొన్న మరో ప్రయోగంలో బీటాకెరోటిన్‌, విటమిన్‌ ఎ కలిపి ఇస్తే 28 శాతం పెరిగింది. దాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు.

నిజానికి ఈ రవ్వలన్నీ చెడ్డవి కావు. తెల్లరక్తకణాలు సూక్ష్మక్రిముల్ని చంపేది వీటితోనే. రేడియేషన్‌ చికిత్స క్యాన్సర్‌ కణాల్ని మట్టుబెట్టేదీ చాలావరకు వీటి సాయంతోనే. అందుకే క్యాన్సర్‌ చికిత్సలో ఉన్నవారు డాక్టర్ని అడక్కుండా ఇలాంటి మాత్రలు వాడకూడదు. మిగతావారికి ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు చాలు. ఇక సిగరెట్‌ అంటారా... దాన్ని ఆర్పేస్తే సగం రవ్వల్ని ఆర్పినట్టే!