రొయ్య పురుడు పుట్టింట్లోనే

ఆడపిల్ల పురుటికి పుట్టింటికి వెళుతుంది. టైగర్ రొయ్య కూడా అంతే. దాని పుట్టిల్లు సముద్రం.

తల్లి రొయ్య సముద్రంలో ఒక్కసారే లక్షల గుడ్లు వదులుతుంది. సుమారు 15 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి నలుసంత ఉంటాయి. చూస్తే రొయ్యల్లాగే ఉండవు! మూడు రూపాలు మారాక, రెండు మూడు వారాలకు రొయ్య రూపు వస్తుంది.

ఈ సంగతి ఎలా తెలిసింది? 1934లో జపాన్ శాస్త్రవేత్త ఫుజినాగా తమ దేశపు రొయ్య చేత తొట్టిలో గుడ్లు పెట్టించాడు. పిల్లల్ని పెంచి, మార్పులు చూశాడు. నేటి హేచరీలకు అదే పునాది.

రూపు వచ్చిన పిల్లలు పోటు నీటితో గోదావరి మొగల్లోకి వస్తాయి. కోరంగి మడ అడవికి చేరి, మడచెట్ల వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. పెద్ద చేపలు అక్కడికి సులువుగా రాలేవు. రాలి కుళ్లిన ఆకు వాటికి మేత. కొన్ని నెలలు పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి.

మరి వంటచెరకు కోసం, చెరువుల కోసం మడచెట్లు కొట్టేస్తే? పిల్లలకు నీడ పోతుంది. వలలో రొయ్య తగ్గుతుంది. రొయ్యలు అమ్ముకునే ఆడవాళ్ల బుట్ట ఖాళీ అవుతుంది. 1978లో ప్రభుత్వం కోరంగి అడవిని అభయారణ్యం చేసింది. అక్కడ చెట్టు కొట్టడం నేరం.

సముద్రం రొయ్యకు పుట్టిల్లు. మడ అడవి ఉయ్యాల. ఉయ్యాల ఉంటేనే వల నిండుతుంది.