కుక్కపిల్లల సహజ పోషణ

కుక్కపిల్లల సహజ పోషణ అనగా కుక్కపిల్లలను తల్లిపాలు, ఇంట వండిన తాజా ఆహారం, తగినంత నిద్ర, ఆట, పరిశుభ్రత, మనుషుల సాంగత్యం ఆధారంగా పెంచే పద్ధతి. కర్మాగారాలలో తయారైన పొడి ఆహారంపైన, అనవసరమైన మందులపైన ఆధారపడటాన్ని తగ్గించడం దీని ఉద్దేశం. రోగం వచ్చినప్పుడు మాత్రమే కుక్కను పట్టించుకొనుట గాక, దాని ఆహారం, శరీరం, స్వభావం, పరిసరాలు అన్నింటినీ కలిపి చూడవలెనన్నది ఇందులోని మూలసూత్రం. అందువలన దీనిని సమగ్ర సంరక్షణ అని కూడా అంటారు.

అయితే సహజమైనదంతా సంపూర్ణమైనది కాదు. ప్రేమతో పెట్టిన ఇంటి భోజనంలోనూ పోషకాల లోపం ఉండవచ్చును. మూలికలు టీకాలకు బదులు కాజాలవు. ఈ రెండు విషయాలను గుర్తుంచుకొన్నప్పుడే ఈ పద్ధతి కుక్కపిల్లకు మేలు చేస్తుంది.

చరిత్ర

కుక్క వేలాది సంవత్సరాలుగా మనిషి తినగా మిగిలినదానిని తిని జీవించింది. ఈ సహవాసం దాని జీర్ణవ్యవస్థను కూడా మార్చింది. తోడేళ్ళ కంటే కుక్కలలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎమైలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో నేచర్ పత్రికలో ప్రకటించింది. కనుక కుక్క ప్రధానంగా మాంసాహారి జాతికి చెందినదైనా, ఉడికిన అన్నాన్ని, రొట్టెను చక్కగా జీర్ణం చేసుకొనగలదు.

కుక్కల కొరకు ప్రత్యేకంగా ఆహారం తయారుచేసి అమ్మడం 1860 ప్రాంతంలో లండనులో మొదలైంది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా దేశస్థుడు అక్కడ కుక్కల బిస్కెట్లను అమ్మకానికి పెట్టాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పరిశ్రమ బాగా విస్తరించింది. దానికి ప్రతిగా మూలికా వైద్యురాలు జూలియెట్ డి బైరాక్లి లెవీ (1912-2009) పచ్చి ఆహారం, మూలికలు, ఉపవాసం ప్రధానంగా గల సహజ పోషణ విధానాన్ని ప్రచారం చేసింది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో ప్రచురించిన పుస్తకంతో పచ్చి మాంసం, ఎముకల ఆహారానికి ఆదరణ పెరిగింది.

కుక్కపిల్లలు నేర్పిన పాఠాలు

ఇంట దొరికే తిండితో కుక్కపిల్లలను పెంచవచ్చునా అన్న ప్రశ్నకు రెండు ప్రసిద్ధ ప్రయోగాలు సమాధానం ఇస్తాయి.

మొదటిది ఇంగ్లాండులో జరిగింది. ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త కుక్కపిల్లలను ఇంటిలోపలనే ఉంచి, వాటికి ప్రధానంగా తృణధాన్యాలు, రొట్టె, కొద్దిపాటి పాలు పెట్టాడు. వాటి ఎముకలు మెత్తబడి రికెట్స్ వ్యాధి వచ్చింది. కాడ్ చేప కాలేయపు నూనె ఇచ్చిన పిల్లలకు ఆ వ్యాధి రాలేదు. 1919లో ప్రకటించిన ఈ పరిశోధన తరువాతి కాలంలో విటమిన్ డి గుర్తింపుకు దారి తీసింది. మనుషులకు ఎండ వలన చర్మంలో విటమిన్ డి తగినంత తయారవుతుంది. కుక్కలలో అట్లు జరుగదు. కనుక వాటికి ఈ విటమిన్ ఆహారం ద్వారానే అందవలెను.

రెండవది హైదరాబాదులో జరిగింది. జొన్నలు ముఖ్యాహారంగా గల తెలంగాణ పేదలలో పెలాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఈ వ్యాధికి సమానమైనది కుక్కలలో నల్లనాలుక వ్యాధి. నికోటినిక్ ఆమ్లం ఈ వ్యాధిని నయం చేస్తుందని అమెరికాలో కాన్రాడ్ ఎల్వెయిమ్ 1937లో కనుగొన్నాడు. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతున్న హైదరాబాదు పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఆయన సహచరులు 1960వ దశకంలో జొన్న ప్రధానమైన ఆహారం పెట్టి, కుక్కలలో నల్లనాలుక వ్యాధి వస్తుందని నిరూపించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండటమే ఇందుకు కారణమని వారు ప్రతిపాదించారు.

ఈ రెండు ప్రయోగాలలోను కుక్కపిల్లల కడుపు నిండింది. కాని శరీరానికి కావలసినది అందలేదు. ఒకే ధాన్యంపై ఆధారపడిన ఆహారం ఎంత సహజమైనదైనా చాలదని దీనివలన తెలుస్తున్నది.

మొదటి మూడు వారాలు

కుక్క గర్భధారణ కాలం సుమారు 63 రోజులు. పుట్టిన పిల్లకు కళ్ళు కనిపించవు, చెవులు వినిపించవు. కళ్ళు 10 నుండి 14 రోజులలో తెరుచుకుంటాయి. చెవులు తెరుచుకొనుటకు ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఈ దశలో తల్లిని మించిన పోషకురాలు లేదు. ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలలో రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయి. పిల్ల పేగులు వీటిని మొదటి 24 గంటలలో మాత్రమే, అందులోను మొదటి కొద్ది గంటలలో బాగా, గ్రహించగలవు. కనుక ప్రతి పిల్లా మొదటి రోజే తల్లిపాలు తాగినదో లేదో చూడవలెను. బలహీనమైన పిల్లను చనుమొన వద్దకు చేర్చవలెను.

అప్పుడే పుట్టిన పిల్ల తన శరీర ఉష్ణోగ్రతను తాను నిలుపుకొనలేదు. మొదటి వారంలో అది ఉండే చోటు 29 నుండి 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కలిగి ఉండవలెను. చల్లబడిన పిల్లకు పాలు పట్టరాదు. ముందు నెమ్మదిగా వెచ్చబరచి, ఆ తరువాతనే పట్టవలెను.

తల్లి లేని పిల్లలకు ఆవుపాలు పట్టడం మన ఇళ్ళలో వాడుక. కాని కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో కంటే రెట్టింపుకు పైగా ఉంటాయి, లాక్టోజ్ తక్కువగా ఉంటుంది. కనుక ఒట్టి ఆవుపాలతో పిల్ల చాలినంత ఎదగదు, విరేచనాలు కూడా కావచ్చును. కుక్కపిల్లల కొరకే తయారుచేసిన పాలపొడి ఇందుకు మేలైనది. పిల్లను వెల్లకిల పడుకోబెట్టి పాలు పట్టరాదు. పాలు ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కలుగుతుంది.

పాలు మాన్పించుట

3 నుండి 4 వారాల వయసులో పాలపండ్లు వస్తుండగా పిల్లకు మెత్తని ఆహారం పరిచయం చేయవచ్చును. పాలపండ్లు మొత్తం 28, శాశ్వత దంతాలు 42. మెత్తగా ఉడికించి మెదిపిన అన్నం, గుడ్డు, కోడిమాంసం పలుచగా కలిపి కొద్దికొద్దిగా పెట్టవలెను. 6 నుండి 8 వారాలకు పాలు పూర్తిగా మానతాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుండి వేరు చేయరాదు. భారతదేశంలో కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో చేసిన నియమాలు కూడా ఎనిమిది వారాల లోపు పిల్లల అమ్మకాన్ని నిషేధించాయి.

4 నెలల వరకు రోజుకు నాలుగు పూటలు, 6 నెలల వరకు మూడు పూటలు, తరువాత రెండు పూటలు ఆహారం పెట్టడం సాధారణ పద్ధతి. పాలు మానిన పిల్లకు, దాని బరువును బట్టి చూస్తే, పెద్ద కుక్కకు కావలసిన శక్తికి రమారమి రెట్టింపు కావలెను.

ఇంటి ఆహారం - కాల్షియం లెక్క

తెలుగువారి ఇళ్ళలో కుక్కపిల్లకు పెరుగన్నం, పాలన్నం, మాంసపు పులుసు కలిపిన అన్నం పెట్టడం అలవాటు. వీటిలోని ముఖ్యమైన లోపాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చును.

ఎదిగే కుక్కపిల్లకు ప్రతి 1000 కిలోకాలరీల ఆహారంలో సుమారు 3 గ్రాముల కాల్షియం కావలెను. 400 గ్రాముల అన్నం, 290 గ్రాముల ఉడికిన కోడిమాంసం కలిపితే సుమారు 1000 కిలోకాలరీలు అవుతాయి. ఇందులో కాల్షియం 0.1 గ్రాము కంటే తక్కువ. అనగా కావలసినదానిలో ముప్పయ్యవ వంతు కూడా లేదు. ఈ లోటును పెరుగుతోనే పూడ్చవలెనంటే రెండు కిలోలకు పైగా పెరుగు కావలెను. రాగులలో కాల్షియం ఎక్కువే గాని, వాటిలోని ఫైటేట్లు దానిని పూర్తిగా అందనివ్వవు.

మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఇట్టి ఆహారమే పెడుతూ ఉంటే శరీరం ఎముకల నుండి కాల్షియం తీసుకొంటుంది. ఎముకలు బలహీనపడి, కాళ్ళు వంగి, చిన్న దూకుడుకే విరుగుతాయి. అట్లని కాల్షియం మాత్రలు ఇష్టం వచ్చినట్లు వేయరాదు. పెద్ద జాతుల పిల్లలు అధికంగా వచ్చిన కాల్షియంను నిరోధించలేవు. దానివలన కూడా ఎముకల పెరుగుదల చెడుతుంది. విటమిన్ డి మోతాదు మించితే విషమవుతుంది.

పుస్తకాలలోను, అంతర్జాలంలోను లభించే 200 ఇంటి వంటకాలను అమెరికాలో పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 95 శాతం వంటకాలలో కనీసం ఒక ముఖ్య పోషకం చాలలేదు. కనుక ఇంటి ఆహారమే పెట్టదలచినవారు మాంసం, గుడ్డు, ధాన్యం, కూరగాయల పాళ్ళను, కలపవలసిన ఖనిజాలు, విటమిన్ల మోతాదును పశువైద్యునితో నిర్ణయింపజేసుకోవలెను. అది వీలుకానిచో, పిల్లల ఎదుగుదలకు ఉద్దేశించిన సంపూర్ణాహారాన్ని ప్రధానంగా ఉంచి, ఇంటి పదార్థాలను రోజువారీ ఆహారంలో పదవ వంతుకు మించకుండా ఇవ్వడం క్షేమకరం.

పెట్టకూడని పదార్థాలు

* ఉల్లి, వెల్లుల్లి: ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. ఈ కారణం వలన మనం తినే కూర, పులుసు కలిపిన అన్నం పెట్టరాదు.
* ద్రాక్ష, కిస్‌మిస్: మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్‌మిస్ కూడా ప్రమాదకరమే.
* చాక్లెట్, కాఫీ: గుండెపై, నాడులపై ప్రభావం చూపుతాయి.
* జైలిటాల్: చక్కెర లేని తీపి పదార్థాలలో వాడతారు. రక్తంలో చక్కెరను హఠాత్తుగా పడవేస్తుంది.
* ఉడికిన ఎముకలు: పేళ్ళుగా విరిగి గొంతులో, పేగులలో గుచ్చుకుంటాయి.
* పచ్చి గుడ్డు తెల్లసొన: ఇందులోని ఎవిడిన్ బయోటిన్ విటమిన్‌ను అందనివ్వదు. గుడ్డును ఉడికించి పెట్టవలెను.

పచ్చి మాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చును. అవి కుక్కకే గాక ఇంటిలోని పసిపిల్లలకు, వృద్ధులకు కూడా సోకుతాయి. కబేళాలో పారవేసిన గొర్రెల కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా తిన్న కుక్కలకు హైడాటిడ్ బద్దెపురుగు పడుతుంది. కుక్క మలం ద్వారా దాని గుడ్లు మనుషులకు చేరి శరీరంలో తిత్తులను కలిగిస్తాయి. మాంసాన్ని ఉడికించి పెట్టడం అందరికీ క్షేమం.

ఆట, సాంగత్యం, పరిసరాలు

కుక్కపిల్ల స్వభావం 3 నుండి 14 వారాల మధ్య రూపు దిద్దుకుంటుంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో ప్రచురించిన గ్రంథం ఈ దశ ప్రాధాన్యాన్ని వివరించింది. ఈ వారాలలో పిల్లలను, వృద్ధులను, వాహనాల చప్పుళ్ళను భయం లేకుండా పరిచయం చేసినచో, పెద్దయిన తరువాత పిరికితనంతో కరిచే స్వభావం తగ్గుతుంది. గొలుసుతో కట్టివేసి, కొట్టి పెంచిన కుక్క మంచి కాపలా కుక్క అవుతుందనుకొనుట పొరపాటు.

కుక్కపిల్ల రోజులో అధిక భాగం నిద్రిస్తుంది. ఆ నిద్రను చెడగొట్టరాదు. కుక్కలు ప్రధానంగా రొప్పుట ద్వారానే వేడిని తగ్గించుకుంటాయి. కనుక వేసవిలో నీడ, ఎల్లప్పుడూ చల్లని నీరు ఉండవలెను.

నులిపురుగులు, గోమార్లు

టాక్సోకారా అనే నులిపురుగు తల్లి గర్భంలో ఉండగానే పిల్లకు సోకుతుంది. కనుక శుభ్రమైన ఇంట పుట్టిన పిల్లకు కూడా రెండవ వారం నుండి ఎనిమిదవ వారం వరకు రెండు వారాలకొకసారి, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం నులిపురుగుల మందు ఇవ్వవలెను. ఈ పురుగు గుడ్లు మట్టి ద్వారా చిన్నపిల్లల కడుపులోకి చేరితే కంటిచూపుకు కూడా ప్రమాదం. కుక్క మలాన్ని ఏరోజుకారోజు తీసివేయడం దీనికి తోడ్పడుతుంది.

గోమార్లను ప్రతిరోజు చెవులలో, వేళ్ళ సందులలో వెదకి తీసివేయవలెను. అవి రక్తంలోని జ్వరాలను వ్యాపింపజేస్తాయి. గజ్జికి కిరోసిన్, వాడిన ఇంజన్ నూనె పూయడం విషప్రాయం. కుక్క ఒంటిని నాకుతుంది గనుక కర్పూరం, టీ ట్రీ నూనె వంటివి కూడా పూయరాదు.

టీకాలు

ముర్రుపాల ద్వారా వచ్చిన రక్షణ శాశ్వతం కాదు. కొన్ని పిల్లలలో 6 వారాలకు, మరికొన్నింటిలో 16 వారాల వరకు క్రమంగా తగ్గిపోతుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పనిచేయదు, పోయిన తరువాత పిల్లకు దిక్కు లేదు. ఏ పిల్లకు ఎప్పుడు పోతుందో బయటికి తెలియదు. అందువలననే 6 నుండి 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు దాటే వరకు 2 నుండి 4 వారాలకొకసారి టీకా వేస్తారు. మొదటి టీకాతో పని అయిపోయినదని ఆగిపోయిన ఇళ్ళలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది.

1978లో ప్రపంచమంతటా వ్యాపించిన పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బ్రతుకుతుంది. రక్తవిరేచనాలతో కుక్కపిల్లను కొద్ది రోజులలోనే చంపగలదు. డిస్టెంపర్ నాడులను దెబ్బతీస్తుంది. హోమియో నోసోడ్లు, మూలికలు వీటిని నివారిస్తాయనుటకు ఆధారం లేదు.

రేబిస్ టీకా 3 నెలల వయసులో వేసి, సంవత్సరం తరువాత మరల వేయవలెను. లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడు ప్రాణాంతకమే. టీకా వేయని కుక్కపిల్ల కరిచినా, గోరు గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. చిన్నపిల్ల కదా అని ఉపేక్షించరాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

విరేచనాలైన పెద్ద కుక్కకు ఒక పూట ఉపవాసం సహజ పోషణలో వాడుకలో ఉన్నది. కుక్కపిల్లకు ఇది తగదు. దాని శరీరంలో నిల్వలు తక్కువ. క్రింది లక్షణాలు కనిపించినచో గృహవైద్యంతో కాలయాపన చేయక పశువైద్యుని చూడవలెను.

* పాలు లేదా ఆహారం ముట్టకపోవుట
* పదేపదే వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు
* చిగుళ్ళు తెల్లబడుట
* పాలు తాగే పిల్ల బరువు పెరగకపోవుట, ఆగకుండా ఏడ్చుట
* కుంటుట, కాళ్ళు వంకరగా మారుట
* మూర్ఛ, నోట నురుగు, స్వభావంలో హఠాత్తు మార్పు

ఇవి కూడా చూడండి

* కుక్క
* రేబిస్
* రికెట్స్
* పెలాగ్రా