మదర్‌బోర్డు పోయిందన్నారా?

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఈ అనుభవం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. రాత్రి బాగానే పనిచేసింది. తెల్లవారి మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కొన్ననాటి వారంటీ ఎన్నడో ముగిసింది. దుకాణానికి తీసుకెళితే అక్కడి మనిషి రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి, "మదర్‌బోర్డు పోయింది" అంటాడు. ఆ మాటతో పెద్దవాళ్ల ముఖాలు ఎలా వాడిపోతాయో మీలో కొందరు చూసే ఉంటారు.

నా దగ్గర పదో తరగతి చదివి ఇంటర్‌లో చేరిన ఒక అమ్మాయి అలాంటి ల్యాప్‌టాప్‌నే పట్టుకొని మా ఇంటికి వచ్చింది. వాళ్ల అన్న ఐదేళ్ల క్రితం కొన్నది. "బోర్డు మార్చాలట సార్, పదహారు వేలట. నాన్న మా వల్ల కాదన్నాడు" అంది. ఎంట్రెన్స్ పరీక్షకు అభ్యాసమంతా ఆ అమ్మాయి దాని మీదే చేస్తోంది. పదహారు వేలు పెడితే అలాంటి పాత ల్యాప్‌టాపే ఇంకొకటి వస్తుంది. అంటే ఆ ధర చెప్పడమూ, 'పారేయండి' అని చెప్పడమూ ఒకటే.

నేను ఒక్క ప్రశ్న అడిగాను: "బోర్డులో ఏం పోయిందో చెప్పారా?" చెప్పలేదట.

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మదర్‌బోర్డు ఒక వస్తువు కాదు, ఒక ఊరు. దాని మీద వందల కొద్దీ చిన్న చిన్న భాగాలుంటాయి. వాటిలో ఏదో ఒకటి చెడితే ఊరంతా చీకటి అవుతుంది. చీకటి అయింది కదా అని ఊరినే మార్చమంటే ఎలా?

ముందుగా ఛార్జర్‌ను చూశాం. దాని వీపున సన్నని అక్షరాలతో 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని రాసి ఉంది. రెండింటినీ గుణిస్తే సుమారు 65 వాట్లు. మల్టీమీటరు పెట్టి చూస్తే 19.5 వోల్టులూ సరిగానే వస్తున్నాయి. ఛార్జర్ మీద చిన్న దీపం వెలుగుతోంది. కానీ దాని పిన్నును ల్యాప్‌టాప్‌లో గుచ్చగానే ఆ దీపం ఆరిపోయింది! పిన్ను తీసి, ఛార్జర్‌ను గోడ ప్లగ్గు నుంచి ఊడదీసి మళ్లీ పెడితే తిరిగి వెలిగింది. ఇలా మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే.

ఎందుకిలా జరుగుతుందో పదో తరగతి భౌతికశాస్త్రం చదివినవారు చెప్పగలరు. ఛార్జర్ నుంచి కరెంటు లోపలికి వచ్చే దారిలో, ఆ దారికీ గ్రౌండుకూ మధ్య కొన్ని కెపాసిటర్లు ఉంటాయి. వోల్టేజిలో వచ్చే ఒడిదుడుకులను సర్దడం వాటి పని. అవన్నీ సమాంతర సంధానంలో ఉంటాయి. సమాంతర సంధానంలో ఫలిత నిరోధం అన్నిటికన్నా చిన్న నిరోధం కంటే కూడా తక్కువని మీకు తెలుసు. మంచి కెపాసిటర్ ఏకముఖ విద్యుత్తును దాదాపు పోనివ్వదు. దాని నిరోధం చాలా ఎక్కువ. అలాంటి పదింటి పక్కన ఒక్కటి చెడిపోయి దాని నిరోధం 0.5 ఓములకు పడిపోయిందనుకోండి. మిగిలిన పదీ ఎంత మంచివైనా లాభం లేదు, మొత్తం దారి నిరోధం 0.5 ఓములలోపే.

ఇప్పుడు ఓమ్ నియమం వేసి చూడండి. 19.5ను 0.5తో భాగిస్తే 39 ఆంపియర్లు. ఇవ్వగలిగింది 3.34 మాత్రమే అయిన ఛార్జర్‌ను ఒక్కసారి 39 అడిగితే ఏం చేస్తుంది? లోపలి రక్షణ వలయం దాన్ని ఆపేస్తుంది. దీపం ఆరడం అంటే అదే. దీన్నే మెకానిక్కులు 'షార్టు' అంటారు.

ఆ కెపాసిటర్ ఎందుకు చెడుతుంది? అది చూడటానికి ఆవగింజంత ఉన్నా, అందులో పింగాణీ లాంటి పదార్థపు పొరలూ లోహపు పొరలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, కాజా మడతల్లాగా. ల్యాప్‌టాప్ కింద పడినా, బోర్డు కాస్త వంగినా పింగాణీ పొర చిట్లుతుంది. ఆ పగులు దగ్గర లోహపు పొరలు ఒకదానికొకటి తగిలితే కరెంటుకు అడ్డదారి దొరికినట్టే.

సరే, ఇన్ని గింజల్లో చెడ్డ గింజను పట్టుకోవడం ఎలా? ఆ ఆదివారం మేమిద్దరం, వాళ్ల అన్నతో సహా, సికిందరాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. సీటీసీ అంటే అక్కడ ఎవరైనా చూపిస్తారు. బోర్డు మార్చేవాళ్లూ అక్కడున్నారు, బోర్డును బాగుచేసేవాళ్లూ ఉన్నారు. 'చిప్ లెవెల్' అని బోర్డు పెట్టుకున్న ఒక చిన్న గదిలో కూర్చున్నాం.

ఆ మెకానిక్ చేసిన పని చూడముచ్చటగా ఉంది. ముందు బ్యాటరీ తీసేశాడు. మీటరుతో షార్టు ఉన్న మాట నిజమేనని చూసుకున్నాడు. తరువాత బోర్డు మీద స్పిరిట్ లాంటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పలచగా పూసి, ఆ దారిలోకి 1 వోల్టు మాత్రమే పంపాడు. 0.5 ఓములలో 1 వోల్టుకు 2 ఆంపియర్లు. అంటే 2 వాట్ల వేడి. రెండు వాట్లు ఒక లెక్కా అనకండి. ఆ వేడంతా పుట్టేది ఒక్క ఆవగింజలో! రెప్పపాటులో బోర్డంతా తడిగా ఉండగా ఒక్క చోట మాత్రం ఆల్కహాల్ ఆవిరై పొడిబారింది. "అదిగో సార్ దొంగ" అన్నాడు. వేడిగాలితో దాన్ని పీకేసి మళ్లీ మీటరు పెడితే షార్టు లేదు. కొత్తది అతికాక ఛార్జర్ పెడితే దీపం ఆరలేదు.

కూలీతో కలిపి పదిహేను వందలు తీసుకున్నాడు. కొద్ది రూపాయల భాగానికి అంత ఎందుకని వాళ్ల అన్న గొణిగాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఆ డబ్బు గింజకు కాదు, గింజను కనిపెట్టినందుకు.

అన్ని జబ్బులూ ఇంత సులువుగా తేలవు. బోర్డు మీద నీళ్లో, టీయో ఒలికి రాగి దారులు తిని పోతే బాగుచేయడం కష్టం. ప్రాసెసర్ వంటి పెద్ద చిప్పు కింది అతుకులు వదిలితే కొందరు ఊరికే వేడి చేసి ఇస్తారు. అది చాలాసార్లు కొన్ని వారాలకే మళ్లీ మొదటికి వస్తుంది. మరమ్మతు ఖర్చు అలాంటి పాత ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే మానుకోవడమే మేలని నా లెక్క.

దుకాణానికి వెళ్లేముందు ఇంట్లోనే తేల్చుకోదగ్గవీ ఉన్నాయి. అదే వోల్టేజి, అదే పిన్ను ఉన్న ఇంకో ఛార్జర్ పెట్టి చూడండి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, ఎంత కావాలో ల్యాప్‌టాపే తీసుకుంటుంది, తక్కువ ఉండకూడదు. ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ వస్తే బోర్డు చాలావరకు బాగున్నట్టే, దోషం తెరలోనో దాని తీగలోనో ఉంది. ఛార్జర్‌ను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. మన ఇళ్లలోని 230 వోల్టులు అందులో సుమారు 325 వోల్టులుగా నిలవ ఉంటాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కాసేపు. బ్యాటరీ ఉబ్బి ఉంటే నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగు పెట్టకండి.

దుకాణంలో అడగవలసినవి: ఏ భాగం పోయింది, అది ఎలా తెలిసింది, చూసి చెప్పడానికి ఎంత, బాగుచేయడానికి ఎంత, ఎన్ని రోజుల గ్యారంటీ. జవాబులు కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి. వీలైతే లోపలి డిస్కును తీసి ఇంట్లో పెట్టుకొని మిగతాది ఇవ్వండి. ఫొటోలూ పాఠాలూ ఉండేది అందులోనే. బిల్లు ఉంటే, తరువాత పేచీ వచ్చినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ ఇప్పటికీ నడుస్తోంది. బ్యాటరీ మాత్రం గంటకు మించి రావడం లేదట. బ్యాటరీలు ఎందుకు ముసలివవుతాయో ఇంకోసారి చెప్పుకుందాం.