టైరు కొనేటప్పుడు మీరూ వెళ్ళండి



ఈవేళ ఏ ఊరగాయ గురించో, పిల్లల జలుబు గురించో చెబుతాననుకుంటున్నారు కాబోలు. కాదండీ, మోటారుసైకిలు టైర్ల గురించి చెబుతాను. "అదేమిటి, అది మగవాళ్ళ వ్యవహారం కదా!" అని నవ్వుకోకండి. కిందటేడు దాకా నేనూ అలాగే అనుకున్నాను. కాని ఆ బండి మీద వెనక కూర్చునేది మనమే. పిల్లల్ని బడికి దింపేదీ ఆ బండి మీదే. టైరుకి డబ్బు ఈ నెల తియ్యాలా, వచ్చే నెల తియ్యాలా అని ఇంటి పద్దు చూసి తేల్చేదీ చాలా ఇళ్ళల్లో మనమే. మరి టైరు సంగతి మనకి తెలియకపోతే ఎలా?

నాకు తెలియకపోవడం వల్ల జరిగినదే ముందు చెబుతాను.

మాది కడియం. పూలకీ, మొక్కలకీ పేరుపడ్డ ఊరు. కడియపులంక వైపు రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. చూడడానికి కన్నులపండువుగా ఉంటుంది గాని, వానాకాలంలో ఆ దారుల్లో బండి నడపడం కత్తిమీద సామే. నర్సరీలకి మట్టి తోలే ట్రాక్టర్ల నుంచి రోడ్డు మీద మట్టి రాలుతుంది. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయంటే అరటితొక్క మీద కాలు వేసినట్టే. ఇక కాలువగట్టు దారుల సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు.

కిందటేడు ఆషాఢంలో మెకానిక్కు మావారితో, "వెనక టైరు గుండైపోయిందండి, మార్చేయాలండి ఆయ్" అన్నాడట. ఆయన ఇంటికొచ్చి నాతో చెప్పారు. "గాలి నిలుస్తోంది కదండీ, శ్రావణమాసం ఖర్చులు గట్టెక్కనివ్వండి" అన్నాను. వరలక్ష్మీ వ్రతానికి చీర కొనుక్కున్నాను. టైరు మాత్రం అలాగే ఉండిపోయింది.

వినాయకచవితి ముందురోజు పత్రీ, పూలూ తెచ్చుకుందామని ఇద్దరం బయల్దేరాం. సన్నగా తుంపర పడుతోంది. కాలువ పక్క మలుపులో మావారు మెల్లిగానే బ్రేకు వేశారు. వెనక చక్రం పక్కకి వెళ్ళిపోయింది. చూసుకునేసరికి బండి రోడ్డు మీద, నేను గట్టు అంచున. ఇంకో బారెడు జారితే కాలువలో ఉండేదాన్ని. ఎడమచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టుతో కూర్చున్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు. కాని "గట్టెక్కనివ్వండి" అన్నది నేనే కదా! ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

కట్టు విప్పాక, ముందు ఆ టైరు ఎందుకు జారిందో తెలుసుకోవాలనిపించింది. సంగతి తేలికే. మీ హవాయి చెప్పులు అరిగి నున్నగా అయ్యాక తడి గచ్చు మీద నడిచారా? కాలు నిలవదు. కొత్తగా ఉన్నప్పుడు అదే గచ్చు మీద నిలుస్తుంది. టైరూ అంతే. ఒక్కొక్క టైరు నేలని తాకేది మన అరచెయ్యంత మేర. దాని మీద ఉన్న గాడుల్లోంచి నీళ్ళు పక్కకి పోతేనే రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది. గాడులు అరిగిపోతే నీళ్ళకి దారి ఉండదు. టైరుకీ రోడ్డుకీ మధ్య నీటిపొర నిలుస్తుంది. అంచేత పొడి రోడ్డు మీద బాగానే నడిచిన గుండు టైరు, వాన పడ్డ మొదటి రోజున మోసం చేస్తుంది. గాలి నిలవడానికీ, రోడ్డుని పట్టుకోవడానికీ సంబంధం లేదు. నేను పొరబడ్డది అక్కడే.

టైరు మార్చే వేళయిందో లేదో మనమే చూసుకోవచ్చు. టైరు పక్కభాగం మీద చిన్న త్రికోణం గుర్తో, టి.డబ్ల్యు.ఐ. అనే మూడక్షరాలో ఉంటాయి. అక్కణ్ణుంచి నేరుగా పైకి వెళ్ళి గాడిలోకి చూస్తే, గాడి అడుగున చిన్న రబ్బరు మెట్టు కనబడుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ మెట్టుతో సమానమైతే, ఆ టైరుకి కాలం చెల్లినట్టే. మెట్టు దాకా రాకపోయినా, పక్కన పగుళ్ళు ఉన్నా, ఎక్కడైనా బుడిపెలా ఉబ్బినా మార్చవలసిందే.

సరే, కట్టు విప్పిన వారానికి మావారితో పాటు నేనూ రాజమండ్రిలో టైర్ల కొట్టుకి వెళ్ళాను. "అమ్మగారు కూడా వచ్చారే!" అని కొట్టతను నవ్వాడు. "నా చెయ్యి విరిగింది కదండీ, అందుకని వచ్చాను" అన్నాను.

అక్కడ మొదట తెలుసుకున్నది సైజు. చాలా మామూలు బళ్ళకి ఉండే టైరు మీద 80/100-18 అని ఉంటుంది. 80 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 100 అంటే ఎత్తు, ఆ వెడల్పులో నూటికి నూరు వంతులని. 18 అంటే రిమ్ము అడ్డుకొలత అంగుళాల్లో. పాత బళ్ళ టైర్ల మీద 2.75-18 అని అంగుళాల్లోనే ఉండేది. మీ బండితో వచ్చిన పుస్తకంలో ఏ సైజు రాసి ఉంటే అదే కొనండి. మా అబ్బాయి, "అమ్మా, లావు టైరు వేయిస్తే బండి అందంగా ఉంటుందే" అని మారాం చేశాడు. రిమ్ముకి తగని లావు టైరు వేస్తే దాని వంపు మారిపోతుంది. ఒక్కోసారి చైనుకవరుకి రాసుకుంటుంది. మలుపుల్లో బండి మాట వినదు, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. కొలత తప్పిన జాకెట్టు ఎంత ఖరీదైన గుడ్డతో కుట్టినా ఒంటికి కుదరదు కదా!

రెండోది బరువు. సైజు పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 47పి అనో, 54పి అనో. చాలామంది అటు చూడనే చూడరు. 47 అంటే ఆ టైరు 175 కిలోలు మోస్తుందని. 54 అంటే 212 కిలోలు. పి అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. మనవాళ్ళు ఆ వేగంతో పోకూడదు, ఆ సంగతి వేరు. బరువు మాత్రం లెక్క వేసి చూడండి. బండి సుమారు 110 కిలోలు. మావారు 75, నేను 65. వెనక కట్టిన పూలబుట్టలు 30. మొత్తం 280 కిలోలు. ఇందులో రమారమి మూడింట రెండు వంతులు, అంటే 187 కిలోల దాకా వెనక టైరు మీదే పడుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. అయినా 47 అని ఉన్న టైరు వెనక వేస్తే చాలదని తేలిపోయింది కదా! పైకి రెండూ ఒకే సైజు, ఒకే రూపు. ముందు వేసే టైరు వెనక వేస్తే ధరలో నాలుగు డబ్బులు కలిసి రావచ్చు గాని, మోసే శక్తి తగ్గుతుంది. పుస్తకంలో రాసిన అంకె కన్నా తక్కువది ఎప్పుడూ ఒప్పుకోకండి. అలాగని టైరు మోస్తుంది కదా అని నలుగురెక్కడం కాదు. చట్టప్రకారం నడిపేవారి వెనక ఒక్కరే కూర్చోవాలి.

మూడోది వయసు. కొట్టతను మొదట తెచ్చిన టైరు నల్లగా నిగనిగలాడుతోంది. ధర కూడా తగ్గిస్తానన్నాడు. పక్కభాగం మీద కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగంకెలు ఉంటాయి, అవి చూడండి. 3224 అని ఉంటే 2024వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. ఆ కొట్టతను తెచ్చిన టైరుకి అప్పటికే అయిదో ఏడు నడుస్తోంది. "వాడలేదు కదండీ, కొత్తదే" అన్నాడు. మీ కుక్కరు గాస్కెట్టు కొని అలమారలో నాలుగేళ్ళు పెట్టి చూడండి, వాడకపోయినా బిగుసుకుపోతుంది. రబ్బరు గాలికీ, వేడికీ తనంత తానే గట్టిపడుతుంది. గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డుని సరిగా పట్టుకోదు. "ఏడాదిలోపుది ఉంటే ఇవ్వండి, లేకపోతే ఇంకో కొట్టు చూసుకుంటాం" అన్నాను. లోపలికి వెళ్ళి తెచ్చిచ్చాడు.

అలాగే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. టైర్లకీ, ట్యూబులకీ ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2009లో ఉత్తర్వు ఇచ్చింది. రెండు చక్రాల బళ్ళ టైర్లకి ఉన్న ప్రమాణం నంబరు ఐ.ఎస్. 15627. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అంటించి అమ్మేవి చవగ్గా వస్తాయి. మోటారుసైకిలుకి అవి వద్దు. లారీకి ఒక టైరు పోతే పక్కన ఇంకోటుంటుంది. మన బండికి ఉన్నవే రెండు.

ఇక గ్రిప్పు రకం. ముందు టైరుకి సాధారణంగా పొడుగునా గీతలుంటాయి. బండి తిన్నగా పోవడానికీ, నీటిని చీల్చడానికీ అవి సాయం చేస్తాయి. వెనక టైరుకి గుబ్బలు గుబ్బలుగా ఉంటుంది. ఇంజను బలాన్ని రోడ్డు మీద పెట్టేది, ఎక్కువ బరువు మోసేది అదే కాబట్టి, ముందుదాని కన్నా తొందరగా అరుగుతుంది. పొలంగట్ల కోసం చేసిన పెద్ద గుబ్బల టైరు తారురోడ్డు మీద అంత బాగా పట్టదు. రోజూ తిరిగేది తారురోడ్డయితే తారురోడ్డు టైరే కొనండి. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ దూరం వస్తుంది, తడిలో కొంచెం జారుతుంది. మా వానలకీ, మా బురదకీ నన్నడిగితే, నాలుగు వేల కిలోమీటర్లు తక్కువ వచ్చినా పట్టున్నదే మేలంటాను.

ట్యూబు లేని టైర్లు ఇప్పుడు బాగా వాడుకలోకొచ్చాయి. మేకు దిగినా చాలావరకు గాలి మెల్లిగా పోతుంది, బండి ఆపుకునే వ్యవధి ఉంటుంది. ట్యూబున్న టైరు ఒక్కసారి చతికిలబడవచ్చు. అయితే ట్యూబు లేని టైరుకి దానికి తగిన రిమ్ము ఉండాలి. మామూలు ఊచల చక్రానికి ట్యూబే. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టించకండి. సాగిన ట్యూబు లోపల ముడతపడి అక్కడే చిరుగుతుంది.

బిగించేటప్పుడు అక్కడే నిలబడి రెండు సంగతులు చూడండి. టైరు మీద బాణం గుర్తుంటే, అది బండి ముందుకి పోయేటప్పుడు చక్రం తిరిగే వైపుకి ఉండాలి. రిమ్ము అంచున టైరు మీద ఒక సన్నని గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే ఎత్తున కనబడాలి. ఆ తర్వాత మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడపమనండి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది, కాస్త గరుకెక్కాలి. గాలి పదిహేను రోజులకోసారి, పొద్దున్నే చక్రం చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఇద్దరెక్కితే వెనక ఎంత గాలి ఉండాలో పుస్తకంలో వేరే రాసి ఉంటుంది. గాలి తక్కువైతే ఎంత మంచి టైరైనా తన మీద రాసిన బరువు మోయలేదు. స్కూటీలు నడుపుకునే చెల్లెళ్ళకి సైజు వేరు గాని, మిగతా మాటలన్నీ వర్తిస్తాయి.

ఒక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. బెల్‌ఫాస్టు పట్టణంలో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి నింపిన రబ్బరు గొట్టం చక్రానికి చుట్టాడు. ఇవాళ మనం వాడే గాలి టైర్లు అక్కణ్ణుంచే వాడుకలోకి వచ్చాయి. ఒక ఇంట్లో బిడ్డ కోసం చేసిన పని అది. అలాంటప్పుడు టైరు ఇల్లాలికి పట్టని వస్తువెలా అవుతుంది?

రేపు ఉదయం మీ వారు బండి తీసేముందు ఒక్కసారి వంగి, ఆ గాడిలో మెట్టు చూడండి. సమానమైపోయి ఉంటే, పండగ దాకా ఆగకండి. చీర వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది.